గ్రిజ్లీ మ్యాన్ చూసినప్పట్నుంచి మా తమ్ముడి గురించే భయం, వాడికి ఎలా చెప్పాలి?

ఉద్దానం కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస దగ్గర చిన్న ఊరు. ఉద్యోగం వల్ల విశాఖపట్నంలో ఉంటున్నాను, పండగలకీ జీడి సీజన్‌కీ ఇంటికి వెళ్తుంటాను. పోయిన శనివారం రాత్రి నిద్రపట్టక గ్రిజ్లీ మ్యాన్ అనే డాక్యుమెంటరీ పెట్టుకున్నాను. వెర్నర్ హెర్జోగ్ అనే జర్మన్ దర్శకుడు తీశాడు, 2005లో వచ్చింది. చూసి నాలుగు రోజులైంది, ఇంకా బుర్రలోంచి పోవడం లేదు.

చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. తిమోతీ ట్రెడ్‌వెల్ అని ఒక అమెరికన్, అలాస్కాలో కాట్మాయ్ నేషనల్ పార్కు అనే చోట గ్రిజ్లీ ఎలుగుబంట్ల మధ్య 13 వేసవులు గుడారం వేసుకుని బతికాడు. చేతిలో తుపాకీ లేదు, గుడారం చుట్టూ కరెంటు కంచె కూడా వద్దన్నాడు. చివరి అయిదేళ్లు కెమెరా స్టాండు పెట్టుకుని తనని తాను, ఆ ఎలుగుల్ని తీసుకున్నాడు, దాదాపు వంద గంటల వీడియో ఉందట. 2003 అక్టోబరులో ఒక ఎలుగు ఆయన్నీ, ఆయనతో ఉన్న ఏమీ హ్యూగెనార్డ్ అనే ఆవిడనీ చంపి తినేసింది. ఆ మిగిలిన వీడియోల్లోంచే ఈ సినిమా తయారైంది. ఎలుగులన్నిటికీ పేర్లు పెట్టాడు, వాటితో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడతాడు, నక్క ఒకటి ఆయన టోపీ ఎత్తుకుపోతే దాని వెనక పరిగెడతాడు. ఆయన్ని చూస్తే కోపం రాలేదు నాకు, మన ఇంట్లో మనిషిలా అనిపించాడు, అదే నా భయం.

ఎందుకంటే మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు అదే చేస్తున్నాడు. వాడికి 22 ఏళ్లు, డిగ్రీ అయింది, ఉద్యోగం ఇంకా లేదు. మాకు మూడెకరాల జీడితోట ఉంది, తిత్లీ తుఫానులో (2018 అక్టోబరు) కొబ్బరిచెట్లు చాలా వరకు పడిపోయాయి, జీడి కొంచెం మిగిలింది. పిక్కల కాపలాకి వాడు తోటలో పాక వేసుకుని ఉంటాడు. మార్చి నుంచి ఒక తల్లి ఎలుగు రెండు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని పొద్దుగూకేసరికి తోటలోకి రావడం మొదలెట్టింది. రాలిన జీడిపళ్లు తిని పిక్క అక్కడే వదిలేసి పోయేది. మొదట్లో వీడు పాకలోంచే ఫోన్‌లో తీసేవాడు, చీకట్లో నల్లగా ఏదో కదిలినట్టు ఉండేది, అంతే. ఆ వీడియో పెడితే చాలామంది చూశారు. దాంతో బెల్లంముక్క పెట్టడం మొదలెట్టాడు, ఇప్పుడు పనసపండు కోసి తొనలు తీసి మరీ పెడుతున్నాడు. దానికి బుజ్జమ్మ అని పేరు కూడా పెట్టాడు.

నిన్న పంపిన వీడియోలో దానికీ వీడికీ మధ్య పదిహేను అడుగులు కూడా లేవు. తల్లి తల వంచుకుని తొనలు జుర్రుకుంటోంది, ఆ చప్పుడు ఫోన్‌లో కూడా బాగా వినిపిస్తోంది. పిల్ల ఒకటి దిగి వీడి దగ్గరికి వచ్చింది, నేల మీద విప్పిన చెప్పుని వాసన చూసింది, మూతితో కొంచెం తోసింది. వీడు గుసగుసగా "ఏం చెయ్యదు, ఏం చెయ్యదు, నేను తెలుసు దానికి" అంటున్నాడు. అప్పుడే తల్లి తినడం ఆపి తలెత్తింది. వీడియో అక్కడితో అయిపోయింది. నేను దాన్ని పది సార్లు చూసుంటాను, చూసిన ప్రతిసారీ చేతులు చల్లబడుతున్నాయి.

తిడితే ఫోన్ కట్ చేస్తాడు. చిన్నాన్నకి చెప్తే "మనకి ఎలుగులు కొత్తా ఏంటి" అంటున్నాడు. ఫారెస్టు వాళ్లకి చెప్తే కేసు పెడతారేమో, ఊళ్లో పరువు పోతుందేమో అని ఇంకో టెన్షన్. వాడు చెడ్డవాడు కాదు, నిజంగా ఆ జంతువంటే ప్రాణం. అలాంటివాడికి ఏం చెప్తే వింటాడు? ఇలాంటిది ఎవరి ఇంట్లోనైనా జరిగిందా?

జీడిపిక్క:

తమ్ముడూ, నీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది వజ్రపుకొత్తూరు మండలం. మా మేనమామని ఎలుగు కొట్టింది, ఆరేళ్ల కిందట.

ఆయన ఎలుగు దగ్గరికి వెళ్లలేదు. దానికి ఏమీ పెట్టలేదు. తెల్లవారుజామున అయిదు గంటలప్పుడు చెంబు పట్టుకుని తుప్పల వైపు వెళ్లాడు, అంతే. అది అక్కడ ఉందని ఆయనకి తెలీదు, ఆయన వస్తున్నాడని దానికీ తెలీదు. ఎదురెదురుగా పడ్డారు. ఎలుగు ఎక్కువగా లేచి నిలబడి మొహం మీదే కొడుతుంది తమ్ముడూ. మేం వెళ్లేసరికి తువ్వాలు మొహానికి అదిమి పట్టుకుని గట్టు మీద కూర్చునున్నాడు, తువ్వాలు తియ్యొద్దని మా అత్తకి చెప్తున్నాడు, నోరు సరిగా లేక మాట అర్థం కావడం లేదు. ఆటోలో ఒక ఆసుపత్రికి, అక్కడ కాదంటే ఇంకో ఆసుపత్రికి, చివరికి విశాఖపట్నం. ప్రాణం దక్కింది. ఎడమ కన్ను ఇప్పటికీ పూర్తిగా మూసుకోదు, నిద్రపోయినప్పుడు కూడా సగం తెరిచే ఉంటుంది, మా అత్త తడిగుడ్డ వేస్తుంది. పెళ్లిళ్లకి వస్తే గోడ వైపు తిరిగి కూర్చుని భోజనం చేస్తాడు.

తర్వాత తెలిసింది ఏంటంటే, మా పక్క ఊళ్లో ఒకాయన ఆ ఎలుగుకి చాలా రోజులుగా అరటిపళ్లూ, గుడి ప్రసాదం మిగిలిందీ పెడుతున్నాడట. పుణ్యం అనుకున్నాడు పాపం. అది మనుషుల వాసనకి అలవాటుపడి ఊళ్ల అంచునే తిరగడం నేర్చుకుంది. పెట్టినాయనకి గోరు గీత కూడా పడలేదు, ఈరోజుకీ బాగానే ఉన్నాడు. దెబ్బ తగిలింది మా మావయ్యకి.

మీ తమ్ముడికి ఆ మాట చెప్పు. "నీకేమైనా అవుతుందిరా" అంటే వినడు, ఆ వయసులో ఎవరూ వినరు, నాకేం కాదు అనే అనుకుంటారు. నువ్వు పెట్టిన పనసతొన రుచికి అది రేపు ఏ ఇంటి వాకిట్లోకి వస్తుందో, పిక్కలు ఏరడానికి పొద్దున్నే వచ్చే ఆడవాళ్లలో ఎవరికి ఎదురుపడుతుందో అని అడుగు. మీ తోటలో కూలికి ఎవరొస్తారో వాడికి పేరుపేరునా తెలుసు కదా.

2022 జూన్‌లో మా మండలంలోనే కిడిసింగిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, మర్నాడు అది ఇంకొంతమందిని గాయపరిచింది, ఆవుల్ని కూడా. చివరికి మత్తు సూది వేసి పట్టుకున్నారు, ఆ ఎలుగు కూడా బతకలేదు. ఆ రెండు రోజులూ మేం తలుపులు వేసుకుని లోపలే కూర్చున్నాం.

రీలు డబ్బా:

నేను విజయనగరం. ఈ డాక్యుమెంటరీ మూడు సార్లు చూశాను కాబట్టి దాని గురించే చెప్తాను.

ట్రెడ్‌వెల్‌ని పిచ్చివాడు అని కొట్టిపారేసేవాళ్లు ఆ సినిమాలోనే ఉన్నారు. శవాలు తేవడానికి వెళ్లిన హెలికాప్టర్ పైలట్ ఒకాయన, అతనికి తగిన శాస్తే జరిగింది అన్నట్టే మాట్లాడతాడు. మీ తమ్ముడి ముందు అలా మాట్లాడితే మొత్తం పోతుంది. హెర్జోగ్ అలా చేయలేదు. ఆయన ట్రెడ్‌వెల్‌తో అసలు ఏకీభవించడు, ఆ ఎలుగుల కళ్లలో తనకి స్నేహం కనిపించడం లేదని, తిండి మీద ధ్యాస తప్ప ఏమీ లేదని మొహమాటం లేకుండా చెప్తాడు. అయినా అతను తీసిన దృశ్యాల్ని ఎంత గౌరవంగా చూపించాడో గమనించండి. ఒకచోట మనిషి ఫ్రేములోంచి వెళ్లిపోయాక గడ్డి గాలికి ఊగుతూ ఉంటుంది, ఎవరూ లేరు, ఏమీ జరగదు. ట్రెడ్‌వెల్ దాన్ని పట్టించుకుని ఉండడు, హెర్జోగ్ మాత్రం ఆ ముక్కని ఉంచి ఎంత బావుందో మనకి చూపిస్తాడు. తాగుడులో మునిగిపోయిన మనిషిని ఆ ఎలుగులే బయటపడేశాయి. అతనే ఆ మాట చెప్పుకున్నాడు, అందులో అబద్ధం లేదనే నా నమ్మకం.

మీ తమ్ముడికి ఇరవైరెండేళ్లు, ఉద్యోగం లేదు, రాత్రిళ్లు పాకలో ఒక్కడే ఉంటాడు. అతని జీవితంలో రోజూ టైముకి తన కోసం వచ్చేది ఆ ఎలుగు ఒక్కటే అయ్యుండొచ్చు, దాన్ని ఊరికే వదిలెయ్యమంటే ఎలా? అందుకే నా సలహా, లింకు పంపొద్దు. ఊరు వెళ్లి, పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి చూడండి. మధ్యలో ఆపి పాఠం చెప్పొద్దు.

రెండు చోట్ల మాత్రం అతను బాగా చూసేలా చూడండి. ఒకటి, చివరి ప్రయాణం. ఆ ఏడాది సీజన్ అయిపోయింది, తిరిగి వెళ్లిపోదామని బయల్దేరాడు, విమానం టికెట్ దగ్గర గొడవపడి మళ్లీ వెనక్కి వచ్చేశాడు. అప్పటికి అతనికి తెలిసిన ఎలుగులు చాలావరకు శీతాకాలం నిద్రకి వెళ్లిపోయాయి, లోపలి అడవుల్లోంచి కొత్తవి వచ్చాయి, ఆకలి మీద ఉన్నవి. పదమూడేళ్ల పరిచయం అంతా వేరే ఎలుగులతో. రెండోది, ఆ ఏమీ హ్యూగెనార్డ్. ఆమెకి ఎలుగులంటే భయమని తెలుస్తుంది, అంత వీడియోలో ఆమె కనబడేది ఏ రెండు మూడు చోట్లో, మొహం కూడా సరిగా కనబడదు. ఆ చివరి ఆరు నిమిషాలు కెమెరా మూత తియ్యకపోవడం వల్ల శబ్దం మాత్రమే రికార్డయింది. హెర్జోగ్ దాన్ని హెడ్‌ఫోన్స్‌లో విని, ట్రెడ్‌వెల్ స్నేహితురాలి చేతులు పట్టుకుని, నువ్వు ఇది ఎప్పుడూ వినొద్దు అంటాడు. మనకి వినిపించడు. అలాంటిదాన్ని జనానికి అమ్ముకోకుండా ఆపిన మనిషి మీద నాకు చాలా గౌరవం.

మన్యం ట్రాకర్:

నేను కురుపాం వైపు ఏనుగుల ట్రాకింగ్ పని చేస్తాను, రోజు కూలి మీద. నాకు సినిమా తెలీదు కానీ మీ తమ్ముడి లాంటి కుర్రాళ్లు రోజూ తెలుసు.

2018లో ఒడిశా నుంచి మంద దిగింది. అప్పుడు మాది విజయనగరం జిల్లాయే, 2022 నుంచి పార్వతీపురం మన్యం అయింది. కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి, భామిని, ఇలా తిరుగుతూనే ఉన్నాయి. చెరుకు, అరటి, వరి, ఏది చేతికొచ్చే టైముకి అది తొక్కేస్తాయి. మా పని ఏంటంటే వాటి వెనకాలే ఉండి, ఈ రాత్రి ఏ ఊరి వైపు వెళ్తున్నాయో ముందే ఆ ఊరికి కబురు చెప్పడం. నాకు ఒక్కోదాన్ని చెవులు చూసి, తోక చూసి గుర్తుపట్టడం వచ్చు. మేమూ పేర్లు పెట్టుకున్నాం. పేరు పెట్టామని ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యం. ముందు గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటుందో చూస్తాం, మన వాసన వాటి మీదకి పోతుంటే చుట్టూ తిరిగి వెళ్తాం, వెనక్కి పరిగెత్తడానికి దారి లేని చోట నిలబడం. ఇన్నేళ్లలో అవి నన్ను చూసి చెవులు విప్పిన రోజులు రెండే, ఆ రెండు రోజులూ తప్పు నాదే, దగ్గరికి వెళ్లాను.

మాకు పని ఎక్కువ పెట్టేది ఏనుగులు కాదు అన్నా. సెల్‌ఫోన్లు. రోడ్డు పక్క పొలంలో మంద కనిపించిందంటే బండ్లు ఆపి, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, ఈలలు వేసి, రాళ్లు విసిరి అవి తల ఇటు తిప్పేదాకా వదలరు. మేం ఇద్దరం ముగ్గురం మధ్యలో నిలబడి దండం పెట్టి వెనక్కి పంపాలి.

2023 మేలో భామిని మండలం కాత్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒకేసారి చచ్చిపోయాయి. నేను ఆ రోజు పొద్దున అక్కడికి వెళ్లాను. ఆ మందలో మిగిలిన రెండూ వెళ్లిపోకుండా ఆ చుట్టుపక్కలే తచ్చాడాయి. మనుషుల మధ్యకి వచ్చిన జంతువుకి చివరికి ఇలా అవుతుంది. కంచె, కరెంటు, బావి, లారీ, ఏదో ఒకటి. మీ తమ్ముడికి ఆ ఎలుగంటే ప్రాణం అన్నారు కదా, అయితే దాన్ని కొండ మీదే ఉంచమనండి.

ఫారెస్టు ఆఫీసుకి చెప్పడానికి భయపడొద్దు. పిల్లల తల్లి మా తోటలోకి వస్తోంది అని మాత్రం బీటు ఆఫీసర్‌కి చెప్పండి, తమ్ముడి పేరు చెప్పక్కర్లేదు. వాళ్లు వచ్చి అడుగులు చూసి ఊళ్లో చాటింపు వేయిస్తారు. ఇంకో మాట, ట్రాకర్ పనికి అడవి తెలిసిన కుర్రాళ్లే కావాలి. జీతం పెద్దగా ఉండదు, ఎప్పుడొస్తుందో కూడా చెప్పలేం, కానీ వాడికి ఆ ఇష్టం ఉంటే ఈ పనికి పనికొస్తాడు.

సోంపేట 90:

అందరూ ఇంత భయపెడుతున్నారేంటండీ. మా తాతల కాలం నుంచి ఉద్దానంలో ఎలుగులు ఉన్నాయి, పనసచెట్టు కింద అవీ మేమూ ఒకే పండు పంచుకున్నాం. మా నాయనమ్మ చేట పట్టుకుని అదిలిస్తే పోయేవి. అలవాటున్నవాళ్లకి ఏమీ కాదు.

జీడిపిక్క:

సోంపేట గారూ, మీ నాయనమ్మ అదిలించేది, అవి పోయేవి, మీరే చెప్పారు కదా. అదే నేనూ అనేది. అదిలిస్తే పోయే ఎలుగుని పిలిస్తే వచ్చే ఎలుగుగా చేస్తున్నాడు ఈ అబ్బాయి.

జువాలజీ మాస్టారు:

నాయనా, నేను విజయనగరంలో ముప్ఫై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మీరు చూసినది గ్రిజ్లీ, మన దగ్గర ఉన్నది వేరే జాతి, స్లోత్ బేర్ అంటారు. గ్రిజ్లీ కంటే చాలా చిన్నది. చిన్నది కదా అని తక్కువ అంచనా వేస్తారు, అది పొరపాటు.

ఇది ముఖ్యంగా చెదపురుగులూ చీమలూ తిని బతికే జంతువు. పై దవడలో మధ్యన రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచి పురుగుల్ని గాలితో సహా పీల్చేస్తుంది. మీరు ఫోన్‌లో విన్న జుర్రుకునే చప్పుడు ఆ అలవాటుదే. పుట్టలు తవ్వడానికి పొడుగాటి గోళ్లు, దాదాపు మూడు అంగుళాలవి, మనిషి మొహం మీద పడేవి అవే. ముక్కు చాలా చురుకు, కళ్లూ చెవులూ అంత కాదు. తిండిలో మునిగి ఉన్నప్పుడు మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించగానే ఉలిక్కిపడుతుంది. వేలాది ఏళ్లు పులుల మధ్య బతికిన జాతి. ఉలిక్కిపడితే పారిపోవడం కంటే ముందు మీద పడడమే దాని ప్రాణరక్షణ. దానికి కోపం, పగ అంటగట్టకండి.

ఈ పిల్లలు డిసెంబరు, జనవరిలో పుట్టి ఉంటాయి. ఇంకా కొన్ని నెలలు తల్లి వీపు మీదే తిరుగుతాయి. పిల్ల మనిషి దగ్గరికి వచ్చిన క్షణం ఉంది చూశారా, తల్లి తినడం ఆపి తలెత్తింది అన్నారు, అదే అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం. ఆ రోజు పిల్ల కుయ్యిమని అరిచి ఉంటే ఈ పోస్టు మీరు వేరే రకంగా రాసేవారు. నెలల తరబడి చూపించిన ఓర్పు ఆ ఒక్క అరుపుకి ఆగదు.

చేయాల్సింది చెప్తాను. తిండి ఒకేసారి పూర్తిగా ఆపండి, రోజూ కొంచెం తగ్గించడం లాంటివి వద్దు. రాలిన పనసపళ్లు పాక దగ్గర ఉంచొద్దు. బెల్లం, నూనె, కుళ్లిన పళ్లు ఏవీ పాకలో పెట్టుకోవద్దు, ఆపిన మొదటి కొన్ని రోజులు అది వెతుక్కుంటూ మరింత దగ్గరికి వస్తుంది కాబట్టి ఆ రోజుల్లో అబ్బాయి పాకలో పడుకోకూడదు, ఇది మరిచిపోకండి. తోటలోకి వెళ్లేవాళ్లు పొద్దెక్కాక, ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. ఖర్మకాలి మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి మొహం నేలకి ఆనించాలి. చట్టం సంగతి కూడా అబ్బాయికి తెలియాలి, 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులితో సమానం.

ఆ సినిమాలో అలాస్కాలోని అలూటిక్ తెగకి చెందిన మ్యూజియం క్యురేటర్ ఒకాయన మాట్లాడతాడు. ఏడు వేల ఏళ్లుగా మా వాళ్లు ఎలుగులకీ మనుషులకీ మధ్య ఒక హద్దు పాటిస్తూ వచ్చారు, ట్రెడ్‌వెల్ దాన్ని దాటాడు అని. ఎలుగుని గౌరవించడం అంటే వాళ్లకి దాని జోలికి పోకపోవడమే. మన సవర, జాతాపు గిరిజనులు అడవిలో ఎలా నడుస్తారో చూసినవాడిగా ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు.

ఉద్దానం కుర్రాడు:

అందరికీ చేతులెత్తి దండం. వారం తర్వాత రాస్తున్నాను, ఏం మాట్లాడాలో తేలాక రాద్దామని ఆగాను.

శుక్రవారం రాత్రి పలాస ప్యాసింజర్‌కి బయల్దేరి ఊరు వెళ్లాను. రీలు డబ్బా గారు చెప్పినట్టే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి డాబా మీద చాప వేసి ఇద్దరం చూశాం. మొదటి గంట వాడు నవ్వుతూనే ఉన్నాడు, నక్క టోపీ ఎత్తుకుపోయినప్పుడు "చూడన్నా, నా చెప్పు లాగే" అన్నాడు. నేనేం అనలేదు. హెడ్‌ఫోన్స్ సీను దగ్గర లేచి కూర్చున్నాడు. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. పిన్ని అన్నానికి పిలిచినా దిగలేదు.

తర్వాత ఒక్కటే అడిగాడు. "శవాల కోసం వచ్చినవాళ్లు ఎలుగుల్ని ఎందుకు చంపారు, రెండింటిని చంపారు కదా, దానిది ఏం తప్పు" అని. నేను వెళ్లేముందు ఏవేవో అనుకున్నాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను, ఇది మాత్రం అనుకోలేదు. అప్పుడు జీడిపిక్క అప్ప రాసింది, ట్రాకర్ అన్న రాసింది ఫోన్ తీసి వాడి చేతికిచ్చాను, చదువుకో అని. కిడిసింగి పేరు చూసి, "అది నాకు తెలుసు, అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను" అన్నాడు, ఇంకేం అనలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి వాడు పాక దగ్గర పనసపళ్లన్నీ బస్తాలో వేసి సైకిల్ మీద ఇంటికి తెచ్చేశాడు. పాకలో ఉన్న బెల్లం డబ్బా కూడా. మాస్టారు చెప్పినట్టు ఆ నాలుగు రాత్రులూ ఇంట్లోనే పడుకున్నాడు, పిక్కలు పోతే పోయాయి అని చిన్నాన్నకి నేను సర్దిచెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బీటు ఆఫీసర్ వచ్చి అడుగులు చూసుకుని ఊళ్లో చాటింపు వేయించాడు, ఎవరి పేరూ అడగలేదు.

మొదటి రెండు సాయంత్రాలూ అది వచ్చింది. మా ఇంటి డాబా మీంచి తోట అంచు కనిపిస్తుంది, దూరం బాగానే ఉంది. పనసతొనలు పెట్టే రాయి చుట్టూ తిరిగింది, రాయిని దొర్లించింది, పాక తడకని గోళ్లతో చీల్చేసింది. పిల్లలు వీపు మీదే ఉన్నాయి. తమ్ముడు పిట్టగోడ పట్టుకుని నిలబడి చూశాడు, ఫోన్ తియ్యలేదు. తడక చిరిగిన చప్పుడుకి నా చెయ్యి పట్టుకున్నాడు, వాడు లోపల పడుకునే వైపు తడక అది. మూడోరోజు రాలేదు, నాలుగోరోజు కూడా రాలేదు.

పాత వీడియోలు తీసెయ్యమన్నాను. ఇంకా తియ్యలేదు, ఆలోచిస్తానన్నాడు. ట్రాకర్ అన్నా, మీ పని గురించి వాడే మిమ్మల్ని అడుగుతానంటున్నాడు, ఇక్కడే మెసేజ్ పెడతాడు. జీడిపిక్క అప్పా, వచ్చే ఆదివారం వాణ్ని తీసుకుని మీ మావయ్యగారిని ఒకసారి చూడ్డానికి రావచ్చా? ఆయనకి ఇబ్బంది లేకపోతేనే. వాడే అడగమన్నాడు.

జీడిపిక్క:

రండి తమ్ముడూ. మావయ్యని అడిగాను, రమ్మన్నాడు. పొద్దెక్కాక రండి, తోట దారిలో కాకుండా రోడ్డు మీంచే రండి.